మూడు రొట్టె ముక్కల మధ్య నీటి తగువు

క్లబ్ శాండ్‌విచ్ ఎక్కడ చెడుతుందో కనిపెట్టడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. అడుగు ముక్కను వేలితో నొక్కి చూస్తే చాలు. చేసిన పావుగంటకే అది తడిసి మెత్తబడుతుంది. చేత్తో ఎత్తగానే నడిమికి విరిగి, లోపలున్నదంతా పళ్ళెంలో దిమ్మరిస్తుంది. కోడిమాంసానికి వంక పెట్టనక్కర్లేదు, టమాటాకూ అంతే, రొట్టె కాల్చినప్పుడు కరకరలాడిందే. విడివిడిగా అన్నీ బాగుండి, ఒకచోట చేరగానే పాడైపోయాయి. టమాటాలో ఉండాల్సిన నీరు రొట్టెలోకి వచ్చేసింది, అంతే జరిగింది. దాన్ని ఎక్కడిదక్కడ ఆపడం ఎలాగన్నదే ఈ అధ్యాయంలో విషయం. ఆ పని కోనసీమ వంటింట్లో, కోనసీమ సరుకులతోనే చేద్దాం.

గోధుమ పండే నేల కాదిది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక, గౌతమికీ వసిష్ఠకీ నడుమ ఉన్న ఈ లంకలూ కాలవగట్లూ వరికీ కొబ్బరికీ అరటికీ స్థిరపడిపోయాయి. బేకరీ రొట్టె ఇక్కడ చాలాకాలం జ్వరమొచ్చినవాళ్ళ తిండి. బ్రెడ్డు పొట్లం పట్టుకుని వీధిలో వెళుతుంటే "ఇంట్లో ఎవరికండీ ఒంట్లో బాగోలేదు?" అని పలకరించే రోజులు మరీ పాతవేం కావు. ఆ పథ్యం ముద్ర చెరిపిన వాటిల్లో గల్ఫ్ ఒకటి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు ఊళ్ళ నుంచి కువైట్, ఖతార్, దుబాయ్, మస్కట్‌లకు వెళ్ళి ఇళ్ళల్లోనూ హోటళ్ళలోనూ పనిచేసినవాళ్ళు చాలామంది. క్లబ్ శాండ్‌విచ్ లేని హోటల్ మెనూ అక్కడ అరుదు. చేతికి అలవాటైన పని మనిషితోపాటు ఊరికి తిరిగొస్తుంది. ఇక్కడికి వచ్చాక చూస్తే బేకన్ లేదు, లెట్యూస్ లేదు. ఉన్నవి ఆవాలు, నెయ్యి, గుడ్లు, కొబ్బరి, అప్పడాలు. లేనివాటి కోసం బెంగపడనక్కర్లేదనీ, ఉన్నవాటితో ఈ శాండ్‌విచ్ ఇంకాస్త బాగా నిలబడుతుందనీ నా వాదన.

ముందు పుట్టుక సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. శాండ్‌విచ్ అనే మాట 1762 నవంబరులో చరిత్రకారుడు ఎడ్వర్డ్ గిబ్బన్ డైరీలో కనబడుతుంది. క్లబ్ శాండ్‌విచ్ అమెరికాది. 1889 నవంబరులో న్యూయార్క్ పత్రిక ఒకటి అక్కడి యూనియన్ క్లబ్ శాండ్‌విచ్‌ని వర్ణించింది: కాల్చిన రెండు రొట్టె ముక్కలు, మధ్యలో టర్కీ కోడి లేదా మామూలు కోడి, దానికి తోడు హామ్. సరటోగా స్ప్రింగ్స్‌లోని జూదగృహంలో 1894లో పుట్టిందని ఇంకో కథ. 1889 నాటి వార్త ఉన్నాక ఈ రెండో కథకు బలం తక్కువ. గమనించాల్సిందేమిటంటే మొదట్లో ఉన్నవి రెండు ముక్కలే. మూడోది తర్వాత వచ్చి చేరింది. అమెరికన్ వంటల పెద్ద జేమ్స్ బియర్డ్‌కి ఆ మూడో ముక్కంటే అస్సలు గిట్టేది కాదు. ఆయన మాట కాదనడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. అది కాసేపాగి చెబుతాను.

రొట్టె నుంచి మొదలుపెడదాం. తాజా బ్రెడ్డులో మూడో వంతుకు పైగా నీరే. మర్నాటికి అది గట్టిపడితే ఎండిపోయిందనుకుంటాం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బుసింగో 1852లో, అంటే మన ఆనకట్ట పూర్తయిన ఏడాదే, ఈ నమ్మకాన్ని పరీక్షించాడు. నీరు ఏమాత్రం బయటికి పోకుండా మూసిపెట్టినా రొట్టె గట్టిపడింది. దాన్నే మళ్ళీ వేడిచేస్తే మెత్తబడింది. నీరు ఎక్కడికీ పోలేదన్నమాట. మారింది పిండిపదార్థం. వేడికి ఉబ్బి, విచ్చుకుని, నీటితో కలిసిపోయిన స్టార్చి గొలుసులు చల్లారాక మళ్ళీ పక్కపక్కన చేరి పలకలు కడతాయి. రాత్రి అన్నం పొద్దున్నకి చద్దన్నమై బిరుసెక్కేదీ ఇందుకే. ఈ మార్పు ఫ్రిజ్‌లోని చలిలో అన్నిటికంటే వేగంగా సాగుతుంది. కాబట్టి బ్రెడ్డు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ఒకటి రెండు రోజుల్లో వాడేస్తే బయటే ఉంచండి, ఎక్కువ రోజులకైతే డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పలకలు కట్టిన స్టార్చి 60 డిగ్రీలు దాటితే చాలావరకు విడిపోతుంది. నిన్నటి బ్రెడ్డు పెనమెక్కగానే లోపల మెత్తబడేది అందుకే.

పెనం ఇంకో పని కూడా చేస్తుంది. పైపొరలో నీరు ఆవిరైపోయాక అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గర ఆగకుండా పైకి వెళుతుంది. 140 ప్రాంతంలో చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమరంగు, కమ్మని వాసన పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీయ్ మయార్ ఈ చర్యను మొదట వివరించాడు కనుక ఆయన పేరే దానికి నిలిచింది. మనకు ఇప్పుడు వాసనకన్నా ముఖ్యం ఆ ఎండిన పొర. నీరు బాగా తగ్గిన స్టార్చి గాజులా పెళుసుగా ఉంటుంది, కొరికితే పగులుతుంది. ఆ పగులే కరకర. అందులోకి కాస్త నీరు చేరిందా, గొలుసులు కదలడం మొదలుపెట్టి సాగుతుంది, కరకర పోతుంది. కాల్చిన ముక్కల్ని వేడివేడిగా ఒకదానిమీద ఒకటి పేర్చేవాళ్ళు ఈ పాడుపని తమ చేత్తోనే చేసుకుంటారు. లోపలి ఆవిరి బయటికి రావడానికి దారి లేక పక్క ముక్కలోకే దూరుతుంది. జల్లెడమీదో తీగచట్రంమీదో ఒక్కొక్కటీ నిలబెట్టి రెండు నిమిషాలు ఆరనివ్వాలి. సముద్రపు గాలి తేమ ఉన్న అంతర్వేది, ఓడలరేవు వైపైతే మరీ ఎక్కువసేపు వదిలేయకూడదు, ఆ గాలే మెత్తబరిచేస్తుంది.

ఈ పెళుసు పొరను తడి నుంచి ఎలా కాపాడాలి? దీనికి జవాబు ఆత్రేయపురంలో ఉంది. పూతరేకు చేసే తీరు తెలిసిందే. బోర్లించిన కుండ కింద మంట, పలచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను కుండమీద ఒక్క ఊపున లాగితే, క్షణాల్లో ఉడికి ఎండిపోయే పలచని పొర. 2023లో భౌగోళిక గుర్తింపు అందుకున్న ఈ మిఠాయి, శాస్త్రం కళ్ళతో చూస్తే, ఒట్టి స్టార్చి పొరల పేర్పు. అందులో వేసేది బెల్లప్పొడి లేదా పంచదార పొడి. బెల్లం గాలిలోని తేమను లాక్కునే పదార్థం, రేకు తేమ తగిలితే ముద్దయిపోయే పదార్థం. ఈ రెండూ పక్కపక్కనే ఉండి కూడా రోజుల తరబడి విడివిడిగా నిలుస్తున్నాయంటే వాటి మధ్య నెయ్యి ఉండబట్టి. నేతిలో నీరు దాదాపు ఉండదు. వెన్నలో నూటికి 16 పాళ్ళ వరకు నీరే. పాశ్చాత్యుల పుస్తకాలన్నీ శాండ్‌విచ్‌కి వెన్న రాయమంటాయి. వెన్నకంటే నెయ్యి ఈ పనికి మేలైనదని ఆత్రేయపురం పొరలు చెబుతున్నాయి. ఒక్క జాగ్రత్త: రొట్టె సెగమీద ఉండగానే రాస్తే నెయ్యి రంధ్రాల్లోకి ఇంకిపోతుంది, పైన పొర మిగలదు. ముక్క గోరువెచ్చనయ్యాక, పేరిన నెయ్యి గోటిమందాన కాదు, మెరిసేటంత రాయాలి.

ఇక డ్రెస్సింగు. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చుందాం.

నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు. గిన్నెలో వేసి గిలక్కొడితే కలిసినట్టే ఉంటాయి, చెయ్యి ఆపగానే విడిపోతాయి. విడిపోకుండా ఉండాలంటే నూనెను చిన్న చిన్న బొట్లుగా విడగొట్టి, ప్రతి బొట్టు చుట్టూ ఒక తొడుగు వేయాలి. అలాంటి మిశ్రమాన్ని ఎమల్షన్ అంటారు. కోనసీమలో ఇంటింటా ఒక ఎమల్షన్ ఉంది: కొబ్బరిపాలు. కోరు పిండితే వచ్చే తెల్లదనం రంగు కాదు, లెక్కలేనన్ని కొవ్వు బొట్లు వెలుతురును చెదరగొట్టడం వల్ల కనబడేది. వాటికి తొడుగు కొబ్బరిలోని ప్రోటీన్లు వేస్తాయి. ఆ తొడుగు అంత గట్టిది కాదు. గిన్నెలో వదిలేస్తే కొన్ని గంటల్లో చిక్కటి పాలు పైకి, నీళ్ళు కిందికి. కలియబెట్టకుండా మరిగిస్తే ప్రోటీన్లు గడ్డకట్టి పాలు విరుగుతాయి. అందుకే కొబ్బరిపాలతో వండేవాళ్ళు చిక్కటి పాలు చివర్లో పోసి వెంటనే దించేస్తారు.

గుడ్డు పచ్చసొన ఈ విషయంలో కొబ్బరికన్నా చాలా మెరుగు. పచ్చసొనలో సగం నీరే అయినా, మిగతా సగంలో లెసిథిన్ అనే కొవ్వూ, దానితో జతకట్టిన ప్రోటీన్లూ ఉంటాయి. లెసిథిన్ అణువులో ఒక కొసకు నీరు ఇష్టం, రెండో కొసకు నూనె ఇష్టం. అది నూనె బొట్టుకూ నీటికీ సరిహద్దున నిలబడిపోతుంది. ఎంత సరిహద్దు కావాలో ఒక లెక్క వేసి చూడండి. ఒక టేబుల్‌స్పూను అంటే 15 మిల్లీలీటర్ల నూనె. దాన్ని మిల్లీమీటరులో 200వ వంతు వ్యాసమున్న బొట్లుగా విడగొడితే, వాటి ఉపరితలం అంతా కలిపి 18 చదరపు మీటర్లు, మన కొలతలో సుమారు 21 గజాలు. ఒక్క చెంచా నూనెకి ఒక గది నేలంత తొడుగు కావాలి. మయొనైజ్ చేసేటప్పుడు నూనె మొదట బొట్టుబొట్టుగా పోయమనేది ఇందుకే. తొడుగు తయారయ్యేలోపు నూనె కుమ్మరిస్తే బొట్లు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్దవైపోతాయి, మిశ్రమం విరుగుతుంది.

పోసే నూనె పెరిగేకొద్దీ డ్రెస్సింగు పలచబడాలి కదా, చిక్కబడుతుందేం? నూనె జారుడు, నీరు జారుడు, రెండూ కలిస్తే చెంచా నిలబడే ముద్ద! అంతర్వేది తీర్థానికి వెళ్ళినవాళ్ళకి ఇది చెప్పకుండానే తెలుస్తుంది. జనం పలచగా ఉన్నప్పుడు ఎవరి దారిన వాళ్ళు నడుస్తారు. రథం కదిలే వేళకి భుజం భుజం ఒరుసుకుని, కాలు తీసి కాలు పెట్టే చోటు కూడా ఉండదు. ఒకే సైజు గోళీలను అడ్డదిడ్డంగా ఒక పాత్రలో నింపితే నూటికి 64 పాళ్ళ చోటు ఆక్రమిస్తాయి, ఎంత పద్ధతిగా పేర్చినా 74 పాళ్ళు దాటవు. నాలుగు వందల ఏళ్ళ క్రితం కెప్లర్ ఊహించిన ఈ రెండో సంఖ్యను థామస్ హేల్స్ 1998లో రుజువు చేశాడు. మయొనైజ్‌లో నూనె 65 నుంచి 80 పాళ్ళు. అంటే బొట్లు గుండ్రంగా ఉండే వీలు కూడా లేక అదుముకుని ఉంటాయి. కదలలేవు కాబట్టి ముద్ద అవుతుంది. ఈ గుణమే శాండ్‌విచ్‌కి కావలసింది. జారని డ్రెస్సింగు రాసినచోటే ఉంటుంది, రొట్టె రంధ్రాల్లోకి పారదు.

అయితే పచ్చి గుడ్డుతో చేయమని నేను చెప్పను. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం మన రాష్ట్రానిదే. మన గుడ్లంటే నాకు చిన్నచూపేమీ లేదు. చిక్కల్లా సాల్మొనెల్లా అనే బాక్టీరియాతో. అందులో ఒక రకం కోడి అండాశయం నుంచే గుడ్డు లోపలికి చేరగలదు, పెంకు ఎంత శుభ్రంగా కడిగినా లాభం లేదు. 37 డిగ్రీల వేడి దానికి మహా ఇష్టం. మే నెలలో అమలాపురం వంటిల్లు ఎంత వేడిగా ఉంటుందో వేరే చెప్పాలా! 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న పలువురు అస్వస్థులై ఒక మహిళ చనిపోయాక, ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డు మయొనైజ్ తయారీ, నిల్వ, అమ్మకాలను ఏడాదిపాటు నిషేధించింది. అంతకుముందు 2023 జనవరిలో కేరళ, తర్వాత 2025 ఏప్రిల్లో తమిళనాడు ఇదే దారి పట్టాయి. నిమ్మరసం పిండాం కదా, పులుపుకి క్రిములు చచ్చిపోతాయి కదా అంటారు కొందరు. చావాలంటే పులుపు చాలా ఉండాలి. అందులోనూ నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం కన్నా వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఈ పనిలో గట్టిది, ఎందుకంటే దాని చిన్న అణువులు బాక్టీరియా గోడ దాటి లోపలికి వెళ్ళగలవు. కంపెనీల సీసాలో సంగతి వేరు, అక్కడ గుడ్డుసొనను ముందే కొలిచిన వేడితో శుద్ధి చేస్తారు, పులుపునూ కొలిచి వేస్తారు. ఇంట్లో అంత కొలత ఎవరికి కుదురుతుంది? గుడ్డు ఉడకబెడితే గొడవే లేదు.

ఉడికిన సొనలో ప్రోటీన్లు గడ్డకట్టి ఉంటాయి కాబట్టి పచ్చి సొనంత పట్టు ఉండదు. లెసిథిన్ మాత్రం అలాగే ఉంటుంది. తగ్గిన పట్టును రెండు సరుకులు పూడుస్తాయి: పాలు, ఆవాలు.

ఆవాల దగ్గర గోదావరి వాళ్ళకి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. పనసపొట్టు కూరకి ఆవ పెట్టడం తెలిసిన చెయ్యి, ఆ పనిలోని రసాయనశాస్త్రాన్ని పేరు తెలియకుండానే ఔపోసన పట్టింది. ఆవగింజ నోట్లో వేసుకుని మింగితే ఘాటు లేదు. తిరగమోతలో చిటపటలాడించినా ఘాటు లేదు, ఒక కమ్మని వాసన మాత్రమే. నీళ్ళు చిలకరించి నూరితేనే ముక్కు పుటాలు అదిరిపోతాయి. ఒకే గింజకి ఇన్ని నడతలెందుకు? గింజలో సినిగ్రిన్ అనే చేదు పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము వేరే అరలో ఉంటాయి. నూరినప్పుడు అరలు పగిలి, తడి తగిలి, ఎంజైము సినిగ్రిన్‌ని విరగ్గొడుతుంది. అప్పుడు పుట్టేదే ఆ ఘాటు నూనె, అల్లైల్ ఐసోథయోసయనేట్. మొక్క దీన్ని పురుగుల్ని తోలడానికి తయారుచేసుకుంది, మనం ఏరికోరి తింటున్నాం. వేడి నూనెలో పడ్డ గింజలో ఎంజైము క్షణంలో చచ్చిపోతుంది, ఘాటు పుట్టే అవకాశమే లేదు. పనసపొట్టు కూరలో ఆవ ముద్దను పొయ్యి దించాక, కాస్త చల్లారాక కలపాలంటారు, లేకపోతే చేదెక్కుతుందంటారు. నూటికి నూరుపాళ్ళు నిజం. వేడి కూరలో ఎంజైము పని సగంలో ఆగిపోయి, విరగని సినిగ్రిన్ చేదు చేదుగానే మిగులుతుంది, పుట్టిన ఘాటేమో ఆవిరితో ఎగిరిపోతుంది.

ఈ ఘాటు నాలుకని వదిలి ముక్కుకి ఎక్కడానికి కూడా కారణముంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ ఎగిరేది కాదు, నోట్లోనే కూర్చుని మండిస్తుంది. ఆవ ఘాటు ఎగిరే పదార్థం, గొంతు వెనక నుంచి ముక్కులోకి చేరి అక్కడి నరాల్ని పొడుస్తుంది. ఆ నరాల్లో ఆవఘాటును పట్టే గ్రాహకమేదో 2004లో డేవిడ్ జూలియస్ బృందం తేల్చింది. క్యాప్సైసిన్‌ని పట్టేదాన్ని అంతకు ఏడేళ్ళ ముందే ఆయన బృందమే గుర్తించింది. 2021లో వైద్యశాస్త్రపు నోబెల్ బహుమతి అందుకున్న ఇద్దరిలో ఆయనొకరు.

డ్రెస్సింగులో ఆవ రుచితో ఆగదు. నూరిన గింజ పొట్టులో జిగురు పదార్థం ఉంది, పసుపు రంగు ఆవాల్లో మరీ ఎక్కువ. అది నీటిని చిక్కబరుస్తుంది, మెత్తని నలక నూనె బొట్ల చుట్టూ చేరి అవి కలిసిపోకుండా అడ్డుపడుతుంది. ప్రపంచమంతటా మయొనైజ్‌లో ఆవ వేయడానికి సగం కారణం ఇదే.

ఇప్పుడు చెయ్యి కదుపుదాం. ఒక టీస్పూను ఆవాలు కడిగి, కాసిని చన్నీళ్ళతో మెత్తగా నూరండి. వేణ్ణీళ్ళు వద్దు, నిమ్మరసం ఇప్పుడే వద్దు. వేడికి ఎంజైము చస్తుంది, పులుపుకి నీరసిస్తుంది. పది నిమిషాలు మూతపెట్టి వదిలేస్తే ఘాటు పూర్తిగా తయారవుతుంది. అప్పుడు ఉప్పు కలపండి. రెండు ఉడికిన పచ్చసొనలు చెంచాతో నలిపి, కాచి చల్లార్చిన పాలు రెండు టేబుల్‌స్పూన్లు, ఆవ ముద్ద వేసి చిన్న మిక్సీ జారులో ఒక తిప్పు తిప్పండి. వంద మిల్లీలీటర్ల నూనెను మొదట చుక్కలుగా, చిక్కబడ్డాక సన్నని ధారగా పోస్తూ తిప్పుతూ ఉండాలి. పొద్దుతిరుగుడు నూనె బాగుంటుంది. వేరుశనగ నూనె వాసన నచ్చినవాళ్ళు అదీ వాడొచ్చు. నిమ్మరసం ఆఖరున, ఒక చెక్క. అది పడగానే డ్రెస్సింగు ఇంకాస్త గట్టిపడటం గమనిస్తారు. పాలలోని కేసిన్ ప్రోటీన్లు పులుపుకి ఒకదానికొకటి అతుక్కుంటాయి, పెరుగు తోడుకునేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. పులుపు చివరికి అట్టేపెట్టడంలో ఇంకో లాభం: ఒకసారి పుట్టిన ఆవఘాటు ఒట్టి నీళ్ళలో త్వరగా చచ్చుబడిపోతుంది, పులుపు దాన్ని కొంతకాలం నిలబెడుతుంది. గుడ్డు తినని ఇంట్లో సొన మానేసి, పాలు నాలుగు టేబుల్‌స్పూన్లు చేసుకుంటే సరి. నూనె ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

కొబ్బరి సీమలో కూర్చుని కొబ్బరినూనె మాటెత్తలేదేమని అడగొచ్చు. కోనసీమలో కొబ్బరినూనె తలకి రాసుకునేదే, తిరగమోతకి వాడే ఇల్లు అరుదు. డ్రెస్సింగుకి మాత్రం అలవాటుతో పనిలేకుండానే అది పనికిరాదు. 24 డిగ్రీల కింద అది పేరుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే బొట్ల లోపల కొవ్వు స్ఫటికాలు ఏర్పడి, తొడుగుల్ని పొడిచేస్తాయి. బయటికి తీసి వెచ్చబడగానే అంతా విరిగి నూనె తేలుతుంది.

లోపల పెట్టేవాటి సంగతి త్వరగా చూద్దాం. కోడి బ్రాయిలర్‌దే కావాలి, రొమ్ము భాగం. నాటుకోడిలో కండరాల్ని కట్టి ఉంచే కొలాజెన్ పీచు బలంగా ఉంటుంది, అది కరగడానికి గంటలు పడుతుంది, దాని చోటు పులుసులో. మాంసం బరువులో నూటికి ఒక పాలు ఉప్పు పట్టించి గంట వదిలేస్తే, ఉప్పు కండరపు ప్రోటీన్లను కొంత కరిగించి నీటిని పట్టి ఉంచేలా చేస్తుంది. తెర్లే నీళ్ళలో కాక, ఆవిరి లేస్తూ బుడగ రాని నీళ్ళలో ఉడికించాలి. నడిమధ్య 74 డిగ్రీలు చేరితే క్షేమం, దాన్ని దాటి ఎంత ఉడికిస్తే అంత నీరు పిండుకుపోతుంది. చల్లారాకే కోయాలి. వేడి మాంసం శాండ్‌విచ్‌లో పెడితే ఆవిరి రొట్టెకే పోతుంది.

టమాటాలో 94 పాళ్ళు నీరు, కీరదోసలో ఇంకో పాలు ఎక్కువ. చక్రాలుగా కోసి ఉప్పు చల్లి, పొడిగుడ్డ మీద పది నిమిషాలు పరిస్తే నీరు దానంతటదే బయటికొస్తుంది. టమాటా గింజల చుట్టూ ఉండే జిగురు రసంలో, రుచికి ప్రాణమైన గ్లుటమేట్ కండభాగంలోకన్నా ఎక్కువ. దాన్ని పారబోయడం అన్యాయం. గుడ్డ మీద వేసేముందే ఆ గింజల రసం గిన్నెలోకి తీసి, ఒక చెంచా డ్రెస్సింగులో కలపండి. గట్టి ఎమల్షన్‌కి ఆ మాత్రం నీరు బరువు కాదు. లెట్యూస్ బదులు సన్నగా తరిగిన క్యాబేజీ, కడిగి బాగా తుడిచి.

బేకన్ ఇచ్చేవి ఉప్పదనం, కరకర, పొగవాసన. మొదటి రెండూ మినప అప్పడం ఇస్తుంది. పొగ కావాలంటే అప్పడాన్ని నూనెలో వేయించకుండా కొబ్బరిచిప్ప నిప్పు మీద కాల్చండి. చిప్పలో లిగ్నిన్ ఎక్కువ. అది కాలినప్పుడు గ్వయకాల్ వంటి ఫినాల్ జాతి పదార్థాలు పుడతాయి, మనం పొగవాసన అనుకునేది చాలావరకు వాటిదే. చిప్ప పూర్తిగా బొగ్గయ్యాక ఆ వాసన ఉండదు, కొద్దిగా పొగ వస్తుండగానే కాల్చాలి. గ్యాస్ మంట మీద కాలిస్తే అప్పడం కాలుతుంది, పొగ పట్టదు.

మూడో ముక్క సంగతి మిగిలింది. బియర్డ్‌గారు దానిమీద కోప్పడ్డారు. నాకది గోడ. కింది అంతస్తులో కోడిమాంసం, క్యాబేజీ, డ్రెస్సింగు. పై అంతస్తులో అట్టులా పలచగా వేసిన ఆమ్లెట్టు, టమాటా, అప్పడం. మధ్య ముక్కే లేకపోతే టమాటా రసం నేరుగా కోడి మీదుగా అడుగుకి దిగుతుంది. ఆ ముక్కకి రెండువైపులా నెయ్యి రాయాలి, అడుగుదానికీ పైదానికీ లోపలివైపు. నెయ్యి పేరాక డ్రెస్సింగు. టమాటా ఎక్కడా రొట్టెకి నేరుగా తగలకూడదు, ఆమ్లెట్టు మీద కూర్చోవాలి. అప్పడం అన్నిటికన్నా ఆఖరున, పై ముక్క కిందే, తినే ముందు. ముక్కలు మందంగా ఉంటే నోరు పట్టదు, పలచటి స్లైసులే తీసుకోండి. నాలుగు మూలలా పుల్లలు గుచ్చాకే కోయాలి. జారేవి పొరలే కాబట్టి, నిలువుగా దిగిన పుల్ల వాటి పక్కజారుడును ఆపుతుంది. కత్తికి రంపపు పళ్ళుండాలి, నొక్కకుండా కోయాలి.

ఇంత జాగ్రత్తపడ్డా గంట సేపు కరకరలాడుతుందని హామీ ఇవ్వలేను, నెయ్యి నీటిని ఆలస్యం చేస్తుంది తప్ప శాశ్వతంగా ఆపదు. కోడీ గుడ్డూ ఉన్నది కాబట్టి ఎండాకాలంలో గంటకు మించి బయట ఉంచడమూ మంచిది కాదు. డబ్బాలో పట్టుకెళ్ళాలంటే డ్రెస్సింగు, టమాటా, అప్పడం వేరువేరుగా చల్లగా తీసుకెళ్ళి అక్కడ పేర్చుకోవడమే మేలు. మిగిలిన డ్రెస్సింగు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు రోజులు వాడుకోవచ్చు, డీప్ ఫ్రీజర్‌లో పెడితే మంచు స్ఫటికాలు దాన్ని విరిచేస్తాయి. శాండ్‌విచ్ మళ్ళీ చేసే ఓపిక లేకపోతే, ఉడికించి చల్లార్చిన అరటికాయ ముక్కల్లో కలిపేయండి. ఆవ పెట్టిన అరటికాయ కూర తిన్నవాళ్ళెవరూ అదేమిటని అడగరు.